తెలుగు పాఠ్యపరిశోధనకు పైథాన్: కంప్యూటర్‌ను సిద్ధం చేసుకునే విధానం

వ్యాససంగ్రహం

పదాల ఆవృత్తి, గణవిభజన, పాఠాంతరాల పోలిక వంటి పనుల కోసం ప్రోగ్రామింగ్ నేర్చుకోదలచిన తెలుగు పరిశోధకులు ముందుగా తమ కంప్యూటర్‌ను ఎలా సిద్ధం చేసుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది. పైథాన్ భాషను ఉదాహరణగా తీసుకుని స్థాపన, ఎడిటర్, ఫాంటు, కీబోర్డు, సంకేతపద్ధతి అనే అంశాలను పరిశీలిస్తుంది. ఇంగ్లీషు పుస్తకాలు చెప్పే స్థాపనవిధానం తెలుగు పాఠ్యానికి చాలదని, తెలుగు ఫైలును కంప్యూటర్ సరిగా చదువుతున్నదని రుజువైన తరువాతే ఆ పని పూర్తయినట్లు భావించాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పైథాన్, యూనికోడ్, యు.టి.ఎఫ్-8, అక్షరగణన, తెలుగు ఫాంట్లు, పాఠ్యపరిశోధన.

1. ప్రవేశిక

ప్రోగ్రామింగ్ నేర్పే పుస్తకాలలో కంప్యూటర్‌ను సిద్ధం చేసుకునే అధ్యాయం సాధారణంగా కొద్ది పుటలకు మించదు. సాఫ్ట్‌వేర్‌ను దించుకోవడం, స్థాపించడం, "హలో వరల్డ్" అనే మాటను తెరపై ముద్రించి చూడడం. ఇంతటితో ఆ అధ్యాయం ముగుస్తుంది. ఆ మాట రోమన్ లిపిలో ఉన్నంతవరకు ఆ పరీక్ష చాలు. వాడుకలో ఉన్న సంకేతపద్ధతులలో దాదాపు అన్నింటిలోనూ మౌలిక రోమన్ అక్షరాలకు ఒకే సంఖ్యలు ఉన్నాయి. అందువల్ల కంప్యూటర్ అమరికలో లోపమున్నా అది బయటపడదు. తెలుగు విషయం అట్లా కాదు. అదే కంప్యూటర్, అదే ప్రోగ్రాము. ఫైలులోని మాట తెలుగైతే ఫలితం తారుమారు కావచ్చు.

ఒక పరిశోధకుడు ఒక శతకంలోని పదాల ఆవృత్తిని ప్రోగ్రాము ద్వారా లెక్కించి, ఆ పట్టికను సిద్ధాంతవ్యాసంలో చేర్చాడనుకుందాం. పట్టికలో అంకెలే ఉంటాయి. అంకెలు తప్పయినా చూపులకు అంకెలలాగే ఉంటాయి. పర్యవేక్షకులు గాని, పరీక్షకులు గాని శతకమంతటినీ చేత్తో లెక్కపెట్టి సరిచూడరు. ఆ పట్టిక ఆధారంగా కవి పదప్రయోగం గురించి చేసిన నిర్ధారణలను తరువాతివారు ఉటంకిస్తారు. కాబట్టి కంప్యూటర్‌ను సిద్ధం చేసుకోవడమన్నది సాంకేతికులకు వదిలివేయదగిన పని కాదు. అది పరిశోధనపద్ధతిలో భాగం.

ప్రోగ్రాములోని ఆదేశాలను ఈ వ్యాసంలో వాటి ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు వాటిని రోమన్ చిన్న అక్షరాలలో రాయాలి.

2. భాష, యంత్రం

గైడో వాన్ రోసమ్ రూపొందించిన పైథాన్ 1991లో తొలిసారి వెలువడింది. ఇది ఉచితం. వాక్యనిర్మాణం సరళం. అయితే మనకు సంబంధించినంతవరకు ముఖ్యమైన సంవత్సరం 2008. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన పైథాన్ 3లో పాఠ్యమంతా యూనికోడ్‌గా మారింది. అంతకుముందున్న పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది. అంతర్జాలంలో దొరికే పాత పాఠాలు కొన్ని ఇంకా పైథాన్ 2లోనే ఉన్నాయి. ముద్రించమని చెప్పే ప్రింట్ ఆదేశం తరువాత కుండలీకరణాలు లేకపోతే అది పాత పాఠమని గుర్తించి పక్కన పెట్టవచ్చు.

దీనికి ఖరీదైన యంత్రం అవసరం లేదు. ఒక శతకాన్నో, నవలనో విశ్లేషించడానికి సాధారణమైన ల్యాప్‌టాప్ చాలు. పాత కంప్యూటర్లున్న విభాగాలు మాత్రం ఒక విషయం గమనించాలి. విండోస్ 7 మీద పైథాన్ 3.8 వరకే పనిచేస్తుంది, 3.9 నుండి పనిచేయదు. ల్యాప్‌టాప్ లేనివారు గూగుల్ కోలాబ్‌ను బ్రౌజర్‌లో తెరిచి అభ్యాసం ప్రారంభించవచ్చు. అక్కడ దేనినీ స్థాపించనక్కరలేదు. కాని నెట్ ఉండాలి. పని ముగిశాక తాత్కాలిక నిల్వలోని ఫైళ్లు పోతాయి కనుక వాటిని వెంటనే వేరొకచోట భద్రపరచుకోవాలి.

3. స్థాపన

పైథాన్ అధికారిక వెబ్‌సైట్ నుండే స్థాపక ఫైలును దించుకోవాలి. విండోస్‌లో ఆ ఫైలును తెరవగానే మొదటి తెరలో అడుగున ఒక చిన్న గడి కనిపిస్తుంది. పైథాన్‌ను "పాత్"లో చేర్చాలా అని అది అడుగుతుంది. చాలామంది దాన్ని గుర్తించకుండా ముందుకు వెళ్తారు. పాత్ అంటే, మనం ఒక ఆదేశం పేరు టైపు చేసినప్పుడు ఆ పేరుగల ప్రోగ్రాము కోసం కంప్యూటర్ ఏయే ఫోల్డర్లలో వెతకాలో తెలిపే జాబితా. గ్రంథాలయంలో పుస్తకం ఉన్నా, సూచికలో దాని పేరు లేకపోతే సహాయకుడు "లేదు" అనే చెబుతాడు. ఆ గడిలో గుర్తు పెట్టకపోతే పైథాన్ పరిస్థితీ అంతే. కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని టైపు చేస్తే, ఉన్న ప్రోగ్రాము నడవడానికి బదులు మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకోవచ్చు. అప్పుడు కంగారుపడి రెండోసారి, మూడోసారి స్థాపించడం వల్ల ఒకే కంప్యూటర్‌లో నాలుగు పైథాన్లు పోగవుతాయి. ఏది నడుస్తున్నదో తెలియదు. అదే స్థాపక ఫైలును మళ్లీ తెరిచి, ఉన్నదానిని మార్చే ఎంపిక ద్వారా పాత్‌లో చేర్చుకుంటే సరిపోతుంది.

ఈ తంటా లేకుండా మొదలుపెట్టదలచినవారికి ఎస్తోనియాలోని టార్టూ విశ్వవిద్యాలయంలో రూపొందిన థానీ అనే ఎడిటర్ అనుకూలం. ప్రారంభకుల కోసమే తయారైన ఈ ఎడిటర్‌లో పైథాన్ కూడా కలిసే వస్తుంది. విజువల్ స్టూడియో కోడ్‌లో సదుపాయాలు ఎక్కువ; మొదటి వారం ఆ సదుపాయాలే అడ్డు. సాహిత్య విద్యార్థులకు థానీతో ప్రారంభించడమే మేలని నా అభిప్రాయం. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో మాత్రం ప్రోగ్రాము రాయకూడదు. అది అక్షరాలతోపాటు అమరిక వివరాలను ఫైలులో దాస్తుంది. కొటేషన్ గుర్తులను వంకర గుర్తులుగా మారుస్తుంది. ఆ గుర్తులను పైథాన్ అంగీకరించదు.

ఫైళ్లకు పెట్టే పేర్ల విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. విండోస్ ఫైలు పేరు చివరి భాగాన్ని సాధారణంగా దాచి ఉంచుతుంది. నోట్‌ప్యాడ్‌లో రాసిన ప్రోగ్రాముకు చివర "పి.వై." అని పెట్టామనుకున్నా, దాని వెనుక "టి.ఎక్స్.టి." చేరి ఉండవచ్చు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో పొడిగింపులు కనిపించేలా ముందే అమర్చుకోవాలి. రెండవది, పైథాన్‌తో వచ్చే మాడ్యూళ్ల పేర్లను మన ఫైళ్లకు పెట్టకూడదు. "రాండమ్" అనే మాడ్యూల్‌ను నేర్చుకుంటూ మన ఫైలుకూ రాండమ్ అని పేరుపెడితే, పైథాన్ అసలుదాన్ని వదిలి మన ఫైలునే తెరుస్తుంది.

4. ఫాంటు, కీబోర్డు

తెలుగు టైపు చేయడానికి విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎప్పటినుండో ఉంది. ఉచ్చారణను బట్టి టైపు చేసే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు 2019 నాటి విండోస్ 10 నవీకరణతో చేరింది. ఏది వాడినా నిల్వయ్యేది యూనికోడే కాబట్టి అలవాటును బట్టి ఎంచుకోవచ్చు. ప్రోగ్రాము రాసేటప్పుడు ఇంగ్లీషు, తెలుగు కీబోర్డుల మధ్య తరచు మారవలసి వస్తుంది. విండోస్ మీటను పట్టుకుని స్పేస్ మీటను నొక్కితే కీబోర్డు మారుతుంది.

ఫాంటు విషయంలో ప్రారంభకులను బెదరగొట్టే సందర్భం ఒకటి ఉంది. ప్రోగ్రాము సరిగానే నడిచినా కమాండ్ ప్రాంప్ట్ నల్లతెరపై తెలుగుకు బదులు ఖాళీ డబ్బాలో, విడివిడిగా తెగిపోయిన గుణింతపు గుర్తులో కనిపిస్తాయి. ఆ తెర తెలుగు లిపిని కూర్చి చూపలేకపోవడమే దీనికి కారణం. లోపల ఉన్న పాఠ్యం చెక్కుచెదరలేదు. ఫలితాన్ని తెరపై ముద్రించడానికి బదులు ఒక ఫైలులోకి రాయించి, నిర్మల వంటి తెలుగు ఫాంటు ఉన్న ఎడిటర్‌లో తెరిస్తే అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. చూపులో లోపానికీ, నిల్వలో లోపానికీ ఉన్న ఈ భేదం మొదటిరోజే తెలియాలి. తెలియనివారు బాగున్న ఫైలును "సరిచేయబోయి" పాడుచేసుకుంటారు.

శాసనాలు, ప్రాచీన గ్రంథాల మీద పనిచేసేవారికి ఇంకొక మాట. యూనికోడ్‌లోకి తెలుగు అక్షరాలన్నీ ఒకేసారి రాలేదు. దంత్య చ, జ లు 2008లో, నకారపొల్లు 2021లో చేరాయి. పాత ఫాంట్లలో ఈ అక్షరాల స్థానంలో డబ్బాలే కనిపిస్తాయి.

5. సంకేతపద్ధతి

అసలు సమస్య ఇక్కడ ఉంది. కంప్యూటర్ దాచుకునేది సంఖ్యలను. ఏ అక్షరానికి ఏ సంఖ్య అనే ఒప్పందం యూనికోడ్. ఇందులో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. "త" సంఖ్య 3108, "క" సంఖ్య 3093, పొల్లు సంఖ్య 3149. ఈ సంఖ్యలను ఫైలులో బైట్లుగా పరిచే పద్ధతులలో ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్నది యు.టి.ఎఫ్-8. దీనిలో రోమన్ అక్షరానికి ఒక బైటు పడితే, ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. "త" అనే అక్షరం ఫైలులో 224, 176, 164 అనే మూడు బైట్లుగా ఉంటుంది.

లినక్స్, మ్యాక్ కంప్యూటర్లలో పైథాన్ ఫైళ్లను సాధారణంగా యు.టి.ఎఫ్-8గానే చదువుతుంది. విండోస్‌లో మాత్రం, మనం ప్రత్యేకించి చెప్పకపోతే, వ్యవస్థకున్న పాత సంకేతపట్టికను అనుసరించడం పైథాన్ 3 సంచికలలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఇంగ్లీషు అమరికతో ఉన్న కంప్యూటర్లలో ఆ పట్టిక విండోస్-1252. పశ్చిమ ఐరోపా భాషల కోసం తయారైన ఆ పట్టికలో ఒక్కొక్క బైటు ఒక్కొక్క అక్షరం. కాబట్టి "త"లోని మూడు బైట్లు అక్కడ మూడు వేరువేరు గుర్తులవుతాయి.

ఇప్పుడు రెండు చిన్న ఫైళ్లను ఊహించుకుందాం. మొదటిదానిలో "రామ" అనే మాట, రెండవదానిలో "తెలుగు" అనే మాట ఉన్నాయి. రెండూ యు.టి.ఎఫ్-8లో భద్రపరచినవే. సంకేతపద్ధతి చెప్పకుండా విండోస్‌లో చదివించి, పొడవెంతో చెప్పమని లెన్ ఫంక్షన్‌ను అడిగితే "రామ"కు 9 అని జవాబు వస్తుంది. రావలసింది 3: ర, దీర్ఘం, మ. దోషం ఉన్నట్లు సూచన ఏదీ రాదు. "తెలుగు" దగ్గర మాత్రం ప్రోగ్రాము ఆగిపోతుంది. 11వ స్థానంలోని బైటును చదవలేకపోతున్నానని అంటుంది. ఆ బైటు విలువ 129. అది "లు"లోని కొమ్ముకు చెందిన మూడవ బైటు. విండోస్-1252 పట్టికలో 129కి ఏ అక్షరమూ లేదు. పొల్లులోని చివరి బైటు 141. దానికీ అక్కడ చోటు లేదు. తెలుగులో కొమ్ము గాని, పొల్లు గాని లేని వాక్యం అరుదు కాబట్టి నిజమైన గ్రంథం ఏదైనా తొలి పంక్తులలోనే ప్రోగ్రాము ఆగుతుంది. ఇది అదృష్టమే. కొమ్ములు, పొల్లులు మన లెక్కలకు కాపలా కాస్తున్నాయన్నమాట.

ప్రమాదం ఆ తరువాత అడుగులో వస్తుంది. దోషసందేశాన్ని అంతర్జాలంలో వెతికితే తరచు దొరికే సలహా: ఫైలును తెరిచే ఆదేశంలో "ఎర్రర్స్" అనే చోట "ఇగ్నోర్" అని రాయడం. రాస్తే సందేశం మాయమవుతుంది, ప్రోగ్రాము చివరివరకూ నడుస్తుంది. కాని చదవలేని బైట్లను మాత్రమే అది వదిలిపెడుతుంది; మిగిలినవి అపార్థపు గుర్తులుగానే ఉంటాయి. "తెలుగు" పొడవు అప్పుడు 16 అని తేలుతుంది: 18 బైట్లలో రెండు కొమ్ముల చివరి బైట్లు రాలిపోయాయి. పాఠ్యపరిశోధనలో ఈ సలహాను ఎన్నటికీ అనుసరించకూడదు. చేయవలసింది, ఓపెన్ ఫంక్షన్‌లో ఫైలు పేరు తరువాత "ఎన్‌కోడింగ్" అనే చోట యు.టి.ఎఫ్-8 అని స్పష్టంగా రాయడం. చదివేటప్పుడూ, రాసేటప్పుడూ రాయాలి. పైథాన్ 3.7 నుండి కంప్యూటర్ మొత్తానికి యు.టి.ఎఫ్-8 అమరికను పెట్టుకునే వీలు కూడా ఉంది. అయితే మన ప్రోగ్రాము రేపు మరొకరి కంప్యూటర్‌లో నడవాలి. ఆ అమరిక అక్కడ ఉండకపోవచ్చు. ప్రోగ్రాములోనే రాసిన మాట ఎక్కడికి వెళ్లినా వెంట ఉంటుంది.

ఫైలును భద్రపరిచే చోట కూడా జాగ్రత్త కావాలి. నోట్‌ప్యాడ్ 2019 నుండి యు.టి.ఎఫ్-8ను సహజ అమరికగా తీసుకుంటున్నది. పాత నోట్‌ప్యాడ్‌లో "ఆన్సీ"గా భద్రపరిస్తే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారి, తిరిగి రాకుండా పోతాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫైలు మొదట కంటికి కనిపించని గుర్తు ఒకటి చేరుస్తాయి. దాని సంఖ్య 65279. దానివల్ల గ్రంథంలోని మొట్టమొదటి పదం ఒక్కటే ఎన్నిసార్లు వెతికినా దొరకదు. అట్లాంటి ఫైళ్లకు యు.టి.ఎఫ్-8 తరువాత అడ్డగీత పెట్టి "సిగ్" అని చేర్చాలి.

6. తొలి పరీక్ష

"హలో వరల్డ్" స్థానంలో మన పరీక్ష ఎట్లా ఉండాలి? ఒక ఫైలులో "తెలుగు", "స్త్రీ" అనే రెండు మాటలను పంక్తికొకటిగా రాసి, పంక్తి చివరి గుర్తులను తొలగించి పొడవులు అడగాలి. రెండింటికీ 6 అని వస్తే సంకేతపద్ధతి సరిగా ఉన్నట్లు. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము ఆరు. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమైన గుడి ఆరు. కాని ఛందస్సు తెలిసినవారు ఇక్కడ ఆగుతారు. "తెలుగు" మూడక్షరాలు, "స్త్రీ" ఒకే అక్షరం. మొదటిది నగణం, రెండవది ఒక గురువు. పైథాన్ దృష్టిలో రెండూ సమానం. అంటే పొడవు చెప్పే ఫంక్షన్ యూనికోడ్ సంకేతాలను లెక్కిస్తుందే తప్ప మన అక్షరాలను లెక్కించదు. గణవిభజనకు పూనుకునేవారు హల్లు, పొల్లు, గుణింతపు గుర్తులను కలిపి ఒక అక్షరంగా కూర్చే నియమాన్ని తామే రాసుకోవాలి. పొల్లు తరువాత హల్లు వస్తే అది కొత్త అక్షరం కాదు; గుణింతపు గుర్తు, సున్న, విసర్గ ముందున్న అక్షరానికే చెందుతాయి. ఇది బడిలో నేర్చుకున్న వ్యాకరణమే. సాంకేతిక విద్యార్థికి కొత్తగా చెప్పవలసిన ఈ విషయం తెలుగు విద్యార్థికి ముందే తెలుసు.

పరీక్షలో మూడవ మాటగా "పై"ని చేర్చడం మంచిది. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాల రాయవచ్చు: 3144 అనే ఒకే సంకేతంగా గాని, ఎత్వానికి 3158వ గుర్తును చేర్చి రెండు సంకేతాలుగా గాని. తెరపై రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి. పోల్చి చూడమంటే పైథాన్ రెండూ వేరంటుంది. "యూనికోడ్‌డేటా" మాడ్యూల్‌లో ఉన్న నార్మలైజ్ ఫంక్షన్‌తో పాఠ్యమంతటినీ ముందుగా ఏకరూపంలోకి తేవాలి. నాలుగవ మాట "సాఫ్ట్‌వేర్". ఇట్లాంటి మాటల్లో ట-పొల్లు తరువాత వత్తు పడకుండా ఆపడానికి కంటికి కనిపించని గుర్తు ఒకటి, సంఖ్య 8204, చేరుతుంది. ఒకరు దానిని టైపు చేస్తారు, మరొకరు చేయరు. ఆధునిక కథాసాహిత్యంలో అన్యదేశ్యాలను లెక్కించేవారి పట్టికలో ఒకే మాట రెండు మాటలుగా చీలిపోవడానికి ఇదొక ప్రధాన కారణం. పోల్చేటప్పుడు ఆ గుర్తును తొలగించిన ప్రతిని వాడాలి. మూలప్రతిని మాత్రం ముట్టుకోకూడదు.

పదాలను విడదీయడంలో ఇంతకన్నా పెద్ద అఘాతం ఉంది. ఇంగ్లీషు పాఠాలలో పదాన్ని గుర్తించడానికి "రీ" అనే మాడ్యూల్‌ను, అందులో వెనుకవాటు గీత పక్కన చిన్న డబ్ల్యూ అనే సంకేతాన్ని నేర్పుతారు. ఇంగ్లీషుకు అది చక్కగా పనిచేస్తుంది. "తెలుగు" అనే మాటను దానికి అప్పగిస్తే "త", "ల", "గ" అనే మూడు ముక్కలను తిరిగి ఇస్తుంది. గుణింతపు గుర్తులు దాని లెక్కలో అక్షరాలు కావు. అచ్చుల్లేని ఆ ముక్కలతో ఆవృత్తిపట్టిక తయారుచేస్తే అది ఏ భాషదో చెప్పడం కష్టం. "రెగెక్స్" అనే వేరొక మాడ్యూల్‌ను తెచ్చుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. పైథాన్‌తో రాని మాడ్యూళ్లను తెచ్చిపెట్టే పిప్ అనే సాధనం మన కంప్యూటర్‌లో పనిచేస్తున్నదో లేదో కూడా దీనితోనే పరీక్షించవచ్చు.

అన్నీ ఇబ్బందులే కావు. పైథాన్ 3లో చరరాశులకు తెలుగు పేర్లు పెట్టవచ్చు. "పద్యం", "పాదాలు" అని రాసుకుంటే ప్రోగ్రాము చదవడానికి హాయిగా ఉంటుంది, పైన చెప్పిన కనిపించని గుర్తు ఆ పేర్లలో లేకుంటే చాలు. పాత పుస్తకాల పుటసంఖ్యలను ఎత్తిరాసేవారికి ఉపయోగపడేది మరొకటి ఉంది. కొటేషన్ గుర్తుల మధ్య "౧౯౫౬" అని తెలుగు అంకెలలో రాసి, సంఖ్యగా మార్చే ఇంట్ ఫంక్షన్‌కు ఇస్తే 1956 అని సరిగా తిరిగి ఇస్తుంది. అకారాది క్రమం మాత్రం దానికి వదిలిపెట్టరాదు. యూనికోడ్‌లో "ర" పక్కనే "ఱ", "ల" పక్కనే "ళ" ఉన్నందువల్ల పైథాన్ కూర్చే వరుస మన వర్ణమాల వరుసకు సరిపోదు.

7. పాత ఫాంట్ల ఫైళ్లు

ఇంతవరకు చెప్పినది యూనికోడ్ పాఠ్యానికి. తెలుగు శాఖలలోని సిద్ధాంతవ్యాసాలు, పత్రికల పాత సంచికలు అనేకం పేజ్‌మేకర్‌లో అను వంటి ఫాంట్లతో కూర్చినవి. ఆ ఫైళ్లలో ఉన్నవి తెలుగు సంకేతాలు కావు. రోమన్ అక్షరాలకు, ఇతర గుర్తులకు కేటాయించిన సంఖ్యల మీద తెలుగు అక్షరఖండాల బొమ్మలను అతికించారు. ఫాంటు తీసివేస్తే మిగిలేది అర్థంలేని గుర్తుల వరుస. అట్లాంటి ఫైలులో "రామ" కోసం వెతికితే ఒక్కటీ దొరకదు. ఆ కృతిలో ఆ మాట ప్రయోగమే లేదని పైథాన్ నిస్సంకోచంగా చెబుతుంది.

వీటిని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. మార్పు యాంత్రికంగా సాగేది కాదు. పాత ఫాంట్లలో గుర్తులు కంటికి కనిపించే క్రమంలో ఉంటాయి, యూనికోడ్‌లో పలికే క్రమంలో ఉంటాయి. "స్త్రీ"లో గుడి సకారం నెత్తిన కనిపిస్తుంది కాబట్టి పాత పద్ధతిలో అది సకారంతోనే కలిసి ముందు వస్తుంది. వత్తులు తరువాత చేరుతాయి. యూనికోడ్‌లో గుడి అన్నిటికన్నా చివర రావాలి. సాధనం ఈ క్రమాన్ని సరిగా తిప్పకపోతే మాట తెరపై కొంచెం వంకరగా కనిపిస్తుంది, లేదా సరిగానే కనిపించి వెతుకులాటలో దొరకదు. అందుచేత మార్చిన ప్రతి నుండి సంయుక్తాక్షరాలు దట్టంగా ఉన్న రెండు మూడు పుటలను ఎంచుకుని, మూలంతో అక్షరమక్షరం పోల్చి, దొరికిన దోషాలను రకాలవారీగా రాసిపెట్టుకోవాలి. ఆ దోషాల పట్టికను, వాడిన పైథాన్ సంచికసంఖ్యను, పాఠ్యాన్ని ఏకరూపంలోకి తెచ్చిన తీరును సిద్ధాంతవ్యాసంలో పరిశోధనపద్ధతిని వివరించే అధ్యాయంలో చేర్చాలి. మూలప్రతిని, మార్చిన ప్రతిని, ప్రోగ్రామును వేరువేరు ఫోల్డర్లలో ఉంచి, పరీక్షకులు అడిగినప్పుడు మూడూ ఇవ్వగలిగేలా చూసుకోవాలి.